తూటా మూతి నొక్కు: ఇంట్లో నింపే చేతి తుపాకి తూటాలలో క్రింపింగ్ – పదం, పని, పరిమితి

వ్యాససంగ్రహం

పేలిన తూటా తొడుగును మళ్లీ నింపే క్రమంలో దాదాపు చివరి పని దాని మూతిని నొక్కడం. అమెరికాలో దీన్ని 'క్రింప్' అంటారు. గుండును పట్టి ఉంచేది ఈ నొక్కేననీ, కాబట్టి ఎంత గట్టిగా నొక్కితే అంత భద్రమనీ ఒక అభిప్రాయం బాగా వ్యాప్తిలో ఉంది. పిస్తోలు తూటా విషయంలో ఇది తప్పు. రివాల్వర్ తూటా విషయంలో సగం నిజం. హద్దు మీరిన నొక్కు రెండింటిలోనూ పట్టును పెంచకపోగా సడలిస్తుంది. దీనికి కారణం లోహాల స్వభావంలో ఉంది. ఆ కారణాన్ని వివరించడం, ఆ వివరణకు అవసరమైన తెలుగు పారిభాషిక పదాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: తూటా, గుండు, తొడుగు, నొక్కు, మెడ బిగువు, ఆనిక, ఇత్తడి, సీజన్ క్రాకింగ్.

1. ప్రవేశిక

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తుపాకి కాల్పులను క్రీడగా సాధన చేసేవారిలో చాలామంది, పేల్చిన తూటాల ఇత్తడి తొడుగులను ఏరుకొని ఇంట్లో మళ్లీ నింపుకొంటారు. ఇందుకు ఖర్చు తగ్గడం ఒక కారణం. తమ తుపాకికి సరిగ్గా నప్పే తూటాను తామే తయారు చేసుకోవాలన్న పట్టుదల మరొకటి. అక్కడి 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం అమ్మకం కోసం తూటాలు తయారు చేసేవారికి ఫెడరల్ లైసెన్సు కావాలి. సొంత వాడకానికి నింపుకొనేవారికి ఆ చట్టం కింద లైసెన్సు అక్కరలేదు. మన దేశంలో పరిస్థితి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. కాబట్టి ఈ వ్యాసంలో మందు తూకాలు గాని, తయారీ సూచనలు గాని ఉండవు. మన పరిశీలనకు సంబంధించినది ఒక్క ప్రశ్న మాత్రమే: పలుచని ఇత్తడి గొట్టం తన నోట్లో ఉన్న గుండును ఎలా పట్టి ఉంచుతుంది?

ఈ ప్రశ్న పైకి కనిపించినంత చిన్నది కాదు. పట్టు చాలకపోతే గుండు లోపలికి కూరుకుపోయి తుపాకి పగలవచ్చు, లేదా ముందుకు జారి రివాల్వర్ తిరగకుండా బిగుసుకుపోవచ్చు. పట్టు కోసం అతిగా నొక్కితే అదే ప్రమాదం మరో దారిన వస్తుంది. పదార్థ బలశాస్త్రం బోధించే అధ్యాపకులకు ఇది చక్కని ఉదాహరణ. న్యాయవైజ్ఞానిక పరిభాషపై పనిచేసే భాషా పరిశోధకులకు కూడా ఇందులో పరిశీలించదగిన సామగ్రి ఉంది.

2. పదాల చిక్కు

తెలుగులో 'తూటా' అనే మాట రెండు వేర్వేరు వస్తువులను సూచిస్తోంది. పోలీసులు స్వాధీనం చేసుకున్నవీ తూటాలే, శవపరీక్షలో శరీరం నుంచి బయటికి తీసినదీ తూటాయే. మొదటిది పేలని పూర్తి వస్తువు. రెండవది అందులోంచి దూసుకువెళ్లిన సీసపు ముక్క. ఘటనాస్థలంలో దొరికే ఇత్తడి గొట్టాన్ని 'ఖాళీ తూటా' అనడం మరో వాడుక. వార్తాపత్రికకు ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. న్యాయస్థానంలో ఈ మూడూ మూడు వేర్వేరు సాక్ష్యాలు.

ఈ వ్యాసంలో పూర్తి వస్తువును తూటా అనీ, తుపాకి నుంచి వెలువడే భాగాన్ని గుండు అనీ వ్యవహరిస్తున్నాను. 'తుపాకిగుండు' పాత మాటే, కొత్తగా కల్పించవలసిన పని లేదు. ఇత్తడి గొట్టాన్ని తొడుగు అనీ, దాని తెరిచి ఉన్న కొసను మూతి అనీ, గుండును చుట్టి ఉండే పై భాగాన్ని మెడ అనీ అంటున్నాను. తుపాకిలో తూటా కూర్చునే భాగం గది. అడుగున ఉండి దెబ్బకు నిప్పు పుట్టించేది ప్రైమర్. దీపావళి కేపు పేలే సూత్రమే అక్కడా పనిచేస్తుంది.

ఇక 'క్రింప్'. విద్యుత్ పనివారు తీగ కొసకు లగ్గు తొడిగి నొక్కడాన్ని క్రింపింగ్ అనే అంటారు. అయినా తెలుగులో దీనికి సహజంగా అమరే మాట ఒకటి ఉంది: నొక్కు. పాత్రకు పడేదీ నొక్కే, అలలు తిరిగిన జుట్టూ నొక్కుల జుట్టే. ఇంగ్లీషులోనూ ఈ మాటకు జుట్టుతో ఇదే సంబంధం ఉండటం గమనార్హం. మూతి అంచును లోపలికి మడిచేదాన్ని మడత నొక్కు అనీ, అంచును మడవకుండా కొద్ది వాలుగా లోపలికి దగ్గర చేసేదాన్ని వాలు నొక్కు అనీ అనవచ్చు. అక్కడివారు మొదటిదాన్ని 'రోల్ క్రింప్' అనీ, రెండవదాన్ని 'టేపర్ క్రింప్' అనీ అంటారు. ఒకే ఇంటిపేరు ఉన్నందువల్ల ఈ రెండూ ఒకే పని చేస్తాయన్న భ్రమ కలుగుతుంది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

3. పనిముట్ల పూర్వాపరాలు

లోహపు తొడుగు వాడుకలోకి వచ్చిన 19వ శతాబ్దపు ఉత్తరార్ధం నుంచే తొడుగును మళ్లీ నింపడమూ ఉంది. అది సులువు కావడానికి ప్రైమర్ నిర్మాణం ఒక కారణం. బ్రిటిష్ సైనికాధికారి ఎడ్వర్డ్ బాక్సర్ పేరుతో వచ్చిన పద్ధతిలో తొడుగు అడుగున మధ్యగా ఒకే రంధ్రం ఉంటుంది. పేలిన ప్రైమర్‌ను సన్నని సూదితో వెనక్కి నెట్టివేయవచ్చు. అమెరికన్ హైరమ్ బెర్డాన్ పద్ధతిలో మధ్యలో చిన్న దిమ్మ, పక్కన రంధ్రాలు ఉండటం వల్ల ఆ సౌకర్యం లేదు. చరిత్ర ఇక్కడ తమాషా చేసింది. బాక్సర్ పద్ధతి అమెరికాలో స్థిరపడింది, బెర్డాన్ పద్ధతి ఐరోపాలో విస్తరించింది.

1880 దశకంలో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ సంస్థ పటకారు ఆకారపు పనిముట్టును అమ్మింది. దాన్ని చేతితో పట్టుకొని వేటగాడు తన గుడారంలోనే తూటా నింపుకోగలిగేవాడు. 1925లో ఆ సంస్థ లైమన్ చేతికి వచ్చింది. 1943లో ఫ్రెడ్ హంటింగ్టన్ కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ప్రారంభించిన ఆర్‌సీబీఎస్ వంటి సంస్థలు బల్లకు బిగించే ప్రెస్సులను, ఒక్కో తూటా కొలతకు తగిన డైలను ఇళ్లలోకి తెచ్చాయి. నేటికీ పని ప్రధానంగా ఈ డైల వరుసపైనే నడుస్తుంది. ఒక డై ఉబ్బిన తొడుగును తిరిగి కుదించి పాత కొలతకు తెస్తుంది. మరొకటి గుండు దూరడానికి వీలుగా మూతిని కొద్దిగా విప్పారుస్తుంది. ఇంకొకటి గుండును లోపల కూర్చోబెడుతుంది. నొక్కే డై వంతు ఆ తరువాత వస్తుంది.

4. అసలు పట్టు ఎక్కడిది? మెడ బిగువు

బండి చక్రానికి ఇనుప పట్టా వేయడం చూసినవారికి ఈ భాగం సులభంగా బోధపడుతుంది. పట్టా చుట్టుకొలతను చక్రం కంటే కొంచెం తక్కువగా చేసి, కాల్చి, వ్యాకోచించినప్పుడు తొడిగి, నీళ్లు పోస్తారు. చల్లారిన పట్టా తన సహజ కొలతకు రావాలని చూస్తుంది. చక్రం రానివ్వదు. ఆ పెనుగులాటే పట్టు. అక్కడ మేకు కంటే ఎక్కువ పని చేసేది ఆ బిగువే.

తూటా మెడలోనూ ఇదే జరుగుతుంది. వేడి మాత్రం ఉండదు. కుదించిన తొడుగు లోపలి వ్యాసం గుండు వ్యాసం కంటే మిల్లీమీటరులో సుమారు 20వ వంతు, అంటే 0.05 మి.మీ. తక్కువగా ఉంటుంది. గుండును బలంగా లోపలికి నెట్టినప్పుడు ఇత్తడి సాగుతుంది. సాగిన ఇత్తడి మళ్లీ ముడుచుకోవాలని గుండును చుట్టూ అదుముతుంది. దీన్నే మెడ బిగువు అంటున్నాను. గుండు లోపల ఉన్నంత పొడవునా, చుట్టూ అన్ని వైపులా ఇది పనిచేస్తుంది. నొక్కు పనిచేసేది మూతి దగ్గర ఒక సన్నని గీత మీద మాత్రమే. ఈ తేడాను గుర్తించకుండా నొక్కు గురించి సాగే చర్చ అంతా గాలిలో కత్తి తిప్పడమే.

మెడ బిగువు లేని తూటాకు నొక్కు పెట్టి బాగుచేయడం సాధ్యం కాదు. లోపం సాధారణంగా ముందు దశల్లోనే జరిగి ఉంటుంది. తొడుగు గోడ పలుచనై ఉండవచ్చు, కుదించే డై అరిగి ఉండవచ్చు, మూతిని విప్పార్చే పనిముట్టు మరీ లోతుగా దిగి ఉండవచ్చు.

5. ఆనిక: రెండు కుటుంబాలు

తూటా గదిలోకి వెళ్లాక ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగకపోతే ప్రైమర్‌ను కొట్టే సూది దానికి సరిగా అందదు. అది ఆగే చోటును ఆనిక అందాం. చేతి తుపాకి తూటాలు ఆనికను బట్టి ప్రధానంగా రెండు కుటుంబాలు.

రివాల్వర్ తూటాకు అడుగున తొడుగు కంటే వెడల్పైన అంచు ఉంటుంది. .38 స్పెషల్, 1935లో వచ్చిన .357 మాగ్నమ్, 1955లో వచ్చిన .44 మాగ్నమ్ అన్నీ ఈ తరహావే. ఆ అంచు సిలిండర్ వెనుక భాగానికి ఆనుతుంది. మూతి ఎలా ఉన్నా ఆనికకు భంగం లేదు.

పిస్తోలు తూటా మ్యాగజైన్‌లో ఒకదానిపై ఒకటి సాఫీగా జరగాలి కాబట్టి దాని అడుగు అంచు బయటికి పొడుచుకురాదు. 1902లో గెయోర్గ్ లూగర్ రూపొందించిన 9 మి.మీ. తూటా, జాన్ బ్రౌనింగ్ రూపొందించగా 1911లో అమెరికా సైన్యం స్వీకరించిన .45 ఏసీపీ తూటా ఈ కుటుంబానివి. వీటి ఆనిక తొడుగు మూతి. గది ముందు కొసన ఉన్న చిన్న మెట్టుకు మూతి అంచు ఆనుతుంది.

ఆ అంచు ఎంత? 9 మి.మీ. లూగర్ తూటా గుండు వ్యాసం 9.02 మి.మీ., మూతి దగ్గర తొడుగు బయటి వ్యాసం 9.65 మి.మీ. తేడాలో సగం సుమారు 0.3 మి.మీ. ఆ తూటా మొత్తం ఆనేది ఈ సన్నని ఇత్తడి అంచు మీద. నిజానికి తొడుగులు తరచు ప్రమాణం కంటే కొంచెం పొట్టిగా ఉంటాయి. అప్పుడు తూటాను వెనుకనుంచి పట్టుకొనే కొక్కెమే దాన్ని నిలుపుతుంది. అయినా ఆ అంచును మడిచివేయడం అంటే నిచ్చెన కింది మెట్టు తీసివేయడమే.

6. వాలు నొక్కు: విప్పారిన మూతిని సరిచేయడం

గుండు దూరడానికి వీలుగా మూతిని ముందే విప్పార్చామని చెప్పుకొన్నాం. ఆ విప్పారిన మూతితో తూటా గదిలోకి పూర్తిగా వెళ్లదు. వాలు నొక్కు చేసే మొదటి పని, చాలా సందర్భాల్లో ఏకైక పని, ఆ విప్పారాన్ని తీసివేసి గోడను తిరిగి నిటారుగా చేయడం. అక్కడ దాన్ని నొక్కు అనడం కంటే సరిదిద్దడం అనడమే న్యాయం. 9 మి.మీ. తూటా నొక్కాక మూతి వద్ద 9.60 నుంచి 9.65 మి.మీ. వరకు ఉండటం సాధారణంగా కనిపించే కొలత. అంటే ప్రమాణం కంటే తగ్గేది మిల్లీమీటరులో 20వ వంతు మాత్రమే.

పిస్తోలులో గుండుకు ఎదురయ్యే ప్రమాదం లోపలికి కూరుకుపోవడం. మ్యాగజైన్ నుంచి పైకి వచ్చిన తూటా ముక్కు గది ముందున్న వాలుకు వేగంగా తగులుతుంది. తుపాకి వెనక్కి తన్నినప్పుడు మ్యాగజైన్‌లో మిగిలిన తూటాలు ముందు గోడకు కొట్టుకొంటాయి. ఈ దెబ్బలన్నీ గుండును తొడుగులోకి నెట్టేవే. గుండు లోపలికి దిగితే మందు మండే చోటు తగ్గుతుంది, పీడనం పెరుగుతుంది. 9 మి.మీ. తొడుగు అసలే చిన్నది. స్పియర్ సంస్థ మాన్యువల్ నుంచి తరచు ఉదాహరించే ఒక పరీక్షలో గుండును ఉద్దేశపూర్వకంగా 0.030 అంగుళం, అంటే 0.76 మి.మీ. అదనంగా దించినప్పుడు పీడనం 28,000 యూనిట్ల నుంచి 62,000కు పెరిగింది. ఇవి రాగి దిమ్మ నలిగిన మేరను బట్టి లెక్కించే పాత తరహా యూనిట్లు. గోటి మందమంత తేడాకు పీడనం రెట్టింపు దాటింది. ఆ శక్తిని భరించవలసింది తుపాకి గది, దాని వెనుక ఉన్న చెయ్యి.

ఈ కూరుకుపోవడాన్ని ఆపేది ప్రధానంగా మెడ బిగువే. వాలు నొక్కు పాత్ర స్వల్పం. దీన్ని నమ్మనివారు గట్టిగా నొక్కి సమస్యను పరిష్కరించబోతారు. ఫలితం రెండు విధాల చెడుతుంది: ఆనిక పోతుంది, పట్టూ సడలుతుంది. రెండవదానికి కారణం 8వ భాగంలో చూద్దాం.

7. మడత నొక్కు: జడత్వంతో పోరు

రివాల్వర్‌లో ప్రమాదం దిశ తిరగబడుతుంది. ఆరు గదుల సిలిండర్‌లో ఒక తూటా పేలితే తుపాకి వెనక్కి తన్నుతుంది. మిగిలిన ఐదు తూటాల తొడుగులను వాటి అడుగు అంచుల ద్వారా సిలిండర్ తనతోపాటు వెనక్కి లాగుతుంది. లోపలి గుండ్లు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తాయి. బస్సు ఒక్కసారిగా కదిలినప్పుడు నిలబడినవారు వెనక్కి తూలడం వంటిదే ఇది. తొడుగు వెనక్కి, గుండు ఉన్నచోటే. తొడుగు దృష్టిలో గుండు ముందుకు జారుతున్నట్లు లెక్క. ముందుకు జారిన గుండు సిలిండర్ నుంచి బయటికి పొడుచుకువస్తే సిలిండర్ తిరగదు, తుపాకి బిగుసుకుపోతుంది.

ఈ లాగుడు ఎంతో స్థూలంగా అంచనా వేయవచ్చు. .44 మాగ్నమ్ గుండు బరువు 15.5 గ్రాములనీ, వేగం సెకనుకు 400 మీటర్లనీ, తుపాకి బరువు 1.3 కిలోలనీ అనుకొందాం. మందు వాయువులను లెక్కలోకి తీసుకోకపోయినా ద్రవ్యవేగ నిత్యత్వం ప్రకారం తుపాకి సెకనుకు దాదాపు 4.8 మీటర్ల వేగంతో వెనక్కి కదలాలి. గుండు గొట్టంలో ఉండే కాలం సుమారు సెకనులో 1,400వ వంతు. ఆ కాలంలో ఆ వేగం అందుకోవాలంటే త్వరణం సుమారు 6,700 మీ./సె.² అవుతుంది. పక్క గదిలోని 15.5 గ్రాముల గుండు తొడుగుతోపాటే కదలాలంటే దానిపై 100 న్యూటన్లకు పైగా బలం పనిచేయాలి. పది కిలోల మూటను ఆ గుండుకు వేలాడదీసినట్లన్న మాట. ఇది సగటు మాత్రమే, గరిష్ఠం ఇంకా ఎక్కువ. తుపాకి బరువు సగమైతే ఈ బలం రెట్టింపు. తేలికపాటి లోహాలతో చేసిన చిన్న రివాల్వర్లలో ఈ ఇబ్బంది ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. చివరగా పేలవలసిన ఆరవ తూటా అంతకుముందు ఐదుసార్లు ఈ లాగుడును తట్టుకోవాలి.

ఇక్కడ మెడ బిగువు ఒక్కటే చాలకపోవచ్చు. గుండు చుట్టూ ముందే ఒక గాడి చెక్కి ఉంటుంది. మూతి అంచును ఆ గాడిలోకి మడిస్తే గుండుకు అడ్డుగడియ పెట్టినట్లవుతుంది. రాపిడి మీద ఆధారపడే పట్టు కాదిది, ఒక వస్తువు ఆకారం మరొకదాని ఆకారాన్ని అడ్డగించడం. బరువైన తూటాల్లో నిదానంగా మండే మందు సక్రమంగా అంటుకోవడానికి మొదట కొంత ప్రతిఘటన అవసరం. మడత నొక్కు ఆ ప్రతిఘటననూ కొంత ఇస్తుంది.

గాడి లేని చోట మడత నొక్కు పెట్టడం పొరపాటు. అంచు గుండు నునుపు గోడలోకి కరుచుకొంటుంది. తొడుగుల పొడవు ఒకేలా లేకపోతే మరో తిప్పలు. డై అమరిక ఒక్కటే ఉంటుంది కాబట్టి పొడవు తొడుగుకు నొక్కు ఎక్కువ పడుతుంది, పొట్టి తొడుగుకు తక్కువ పడుతుంది. మరీ పొడవైతే నొక్కిన ఇత్తడికి పోవడానికి చోటులేక మెడ కింద ఉబ్బు వస్తుంది. గుండు ఇంకా లోపలికి కదులుతుండగానే మూతి ముడుచుకొంటే సీసం గీరుకుపోతుంది. అందుకే గుండును కూర్చోబెట్టడం, మూతి నొక్కడం వేర్వేరు దశల్లో చేయాలని అనుభవజ్ఞులు పట్టుబడతారు. ఒకే డైతో రెండూ చేయవచ్చుగదా అన్న వాదన ఉంది. అమరిక కుదిరితే అది చెల్లుతుంది కూడా. కానీ నా దృష్టిలో ఆ సౌకర్యం ఆదా చేసే సమయం కంటే, చెడితే తెచ్చే తలనొప్పి ఎక్కువ.

8. ఎక్కువ నొక్కితే ఎందుకు వదులవుతుంది?

ఈ వ్యాసానికి ఇది కేంద్రం. గట్టిగా నొక్కితే పట్టు తగ్గుతుందనడం మొదట వింతగా తోస్తుంది. లోహం రెండు రకాలుగా వంగుతుందని గుర్తు చేసుకొంటే వింత తొలగుతుంది. స్థితిస్థాపక పరిధిలో వంగినది వదిలితే వెనక్కి వస్తుంది. ఆ పరిధి దాటిన వంపు నిలిచిపోతుంది. గట్టిగా వంచి వదిలిన ఏ లోహమైనా నిలిచిపోయిన వంపులోంచి కొంత వెనక్కి వస్తుంది. ఎంత వెనక్కి వస్తుందన్నది ఆ లోహం లొంగే ప్రతిబలాన్ని దాని యంగ్ గుణకంతో భాగిస్తే సుమారుగా తెలుస్తుంది.

చల్లగా సాగదీసి గట్టిపరచిన ఇత్తడి లొంగే ప్రతిబలం 350 – 400 మెగాపాస్కల్ ప్రాంతం, యంగ్ గుణకం సుమారు 110 గిగాపాస్కల్. నిష్పత్తి దాదాపు 0.0034. సీసం లొంగేది 10 – 20 మెగాపాస్కల్ దగ్గరే, యంగ్ గుణకం 16 గిగాపాస్కల్. పై హద్దును తీసుకొన్నా నిష్పత్తి 0.00125 మించదు. 9 మి.మీ. వ్యాసానికి లెక్కిస్తే ఇత్తడి సుమారు 0.03 మి.మీ. వెనక్కి విచ్చుకొంటుంది. సీసం 0.011 మి.మీ. మాత్రమే. డై రెండింటినీ కలిపి నలిపి వదిలినప్పుడు ఇత్తడి బయటికి ఎక్కువగా వస్తుంది, సీసం నలిగిన చోటే దాదాపు ఉండిపోతుంది. మధ్యలో 0.02 మి.మీ. మేర ఎడం ఏర్పడుతుంది, లేదా కనీసం ఆ మేరకు పట్టు సడలుతుంది. గుండు ఆకారాన్ని, గట్టిపరచే మిశ్రమ లోహాలను విస్మరించిన స్థూల లెక్క ఇది. దిశను చూపడానికి చాలు.

ఇంకో విధంగా చెప్పాలంటే, నొక్కక ముందు సాగిన ఇత్తడి లోపలికి ముడుచుకోవాలని చూస్తూ గుండును అదుముతోంది. అతిగా నొక్కాక అదే ఇత్తడి కుదించబడి బయటికి విచ్చుకోవాలని చూస్తుంది. బండి పట్టాను చక్రంతోపాటు సుత్తితో నలగ్గొడితే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. చక్రం చితుకుతుంది, పట్టా వదులవుతుంది.

రాగి కవచం ఉన్న గుండ్ల లోపలిదీ సీసమే. కవచం కొంత తట్టుకొంటుంది, కానీ అతి నొక్కు కవచాన్ని చీల్చి సీసం నుంచి విడదీయవచ్చు. పలుచని రాగి పూత మాత్రమే ఉన్న గుండ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. ఇక అక్కడి పనివారి మధ్య తెగని తగవు ఒకటి ఉంది. లీ సంస్థ చేసే ఒక డై మూతిని నొక్కుతూనే, లోపలి గట్టి కార్బైడ్ వలయంతో మొత్తం తూటాను బయటినుంచి మరోసారి సరిచేస్తుంది. గదిలో ఇరుక్కొనే తూటాలు దీనితో తప్పుతాయని ఒక వర్గం. ప్రమాణం కంటే కొంచెం లావుగా పోసిన సీసపు గుండ్లను అది తొడుగు లోపలే సన్నగా చేస్తుందనీ, పైన చెప్పిన కారణంతో పట్టు పోతుందనీ మరో వర్గం. ఇద్దరి మాటా తమతమ గుండ్ల విషయంలో నిజమే. వాదన ఎడతెగకపోవడానికి కారణం ఇద్దరూ చేతిలోని గుండు ఏదో చెప్పకుండా వాదించడం.

9. గుర్రపుశాలల్లో పగిలిన తూటాలు

నొక్కు విషయంలో మన దేశానికి ఒక నిజమైన సంబంధం ఉంది. బ్రిటిష్ పాలనలో వర్షాకాలం వచ్చిందంటే సైనిక చర్యలు నెమ్మదించేవి. తూటాలను పొడి కాలం వచ్చేదాకా గుర్రపుశాలల్లో దాచేవారు. తీసి చూస్తే ఎన్నో తొడుగులు పగిలి ఉండేవి. పగుళ్లు ఎక్కువగా కనిపించింది ఎక్కడో కాదు, గుండును పట్టి మూతి నొక్కిన చోట. పేలకముందే, ఎవరూ ముట్టుకోకముందే, పెట్టెలో ఉన్నవి ఉన్నట్లే చీలాయి. వానకాలంలో వచ్చే పగులు కాబట్టి దానికి 'సీజన్ క్రాకింగ్' అని పేరు పడింది.

కారణాన్ని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు వివరించారు. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా ఒక కారణం, చల్లగా రూపుదిద్దిన ఇత్తడిలో మిగిలిపోయిన అంతర్గత ప్రతిబలం రెండవ కారణం. ఏ ఒక్కటీ విడిగా అంత హాని చేయదు. రెండూ కలిస్తే లోహం రేణువుల సరిహద్దుల వెంట చీలుతుంది. ప్రతిబలం, తినివేసే వాతావరణం కలిసి లోహాన్ని పగలగొట్టే ఈ ప్రక్రియ నేడు లోహశాస్త్రంలో ఒక ప్రధాన అధ్యాయం. దాని తొలి ప్రసిద్ధ ఉదాహరణల్లో ఒకటి మన వానకాలపు గుర్రపుశాల.

నొక్కు దృష్టితో చూస్తే ఈ ఉదంతం ఒక విషయాన్ని తేటపరుస్తుంది. నొక్కిన క్షణంతో పని ముగిసిపోదు. ఇత్తడి ఆ ప్రతిబలాన్ని తనలో దాచుకొని పెట్టెలో కూర్చుంటుంది. మందంగా నొక్కిన కొద్దీ దాచుకొనే ప్రతిబలమూ పెరుగుతుంది. నిర్ణీత ఉష్ణోగ్రతకు వేడిచేసి చల్లార్చడం దీనికి నివారణ. సైనిక రైఫిల్ తొడుగుల మెడ మీద కనిపించే రంగు మారిన పట్టీ ఆ వేడి జాడే. చేతి తుపాకి తొడుగులకు ఇళ్లలో ఈ పని సాధారణంగా చేయరు. కుదించడం, విప్పార్చడం, నొక్కడం, పేల్చడం ఇలా ఒక్కో ఆవృత్తిలో మూతి ఇంకొంచెం గట్టిపడి పెళుసవుతుంది. చివరికి అంచు నుంచి కిందికి నిలువుగా సన్నని చీలిక కనిపిస్తుంది. మడత నొక్కు పడే రివాల్వర్ తొడుగుల్లో ఇది ముందుగా వస్తుంది, ఎందుకంటే అక్కడ అంచు ప్రతిసారీ లోపలికీ బయటికీ మడత పడుతోంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపడం వంటిదే ఇది. చీలిన మెడకు బిగువు ఉండదు కాబట్టి ఆ తొడుగును పారవేయడమే మార్గం. తొడుగులను మెరిపించడానికి అమోనియా ఉన్న పాలిష్ వాడరాదన్న అక్కడి హెచ్చరిక ఆ గుర్రపుశాలల నాటి పాఠమే.